నీళ్ళకున్న ఓపిక మంచుగడ్డకు లేదు

మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం అంటే మన వెలిమెలలో ఇప్పుడు ఎవరికీ వింత కాదు. తాతల కాలంలో జొన్నలూ కందులూ పండించిన ఇళ్ళలోనే ఇవాళ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలున్నారు. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకొని బొల్లారం, పాశమైలారం, బొంతపల్లి వైపు పోతారు. మా మనవరాలూ వాళ్ళలో ఒకతె. ఆమె పని అణువులను అయస్కాంతంతో పరీక్షించే ఎన్‌ఎంఆర్ గదిలో. మొన్న అడిగింది: "తాతా, అమరావతికి క్వాంటం కంప్యూటర్ వస్తదట గదా. దాన్ని అంత చలిలో ఎందుకు పెడతరు? మా శాంపిల్ మామూలు గది వేడిలోనే ఉంటది. అందులో తిరిగేది కూడా క్వాంటమే అంటరు. మరి దానికి చలి ఎందుకు అక్కర్లేదు?"

ఎంత మంచి ప్రశ్న బిడ్డా! పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా "వేడి తగిలితే క్వాంటం గుణం పోతుంది, చలిలో నిలుస్తుంది" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. అది సగం నిజమే. మిగతా సగం నీ చేతికింద రోజూ నడిచే యంత్రంలోనే ఉంది. నిదానంగా చెప్తాను, విను.

మీ గదిలో నిలబడి ఉండే ఆ పెద్ద తెల్ల పీపాలో ఏముందో నీకు తెలుసు. లోపల తీగచుట్ట, దాని చుట్టూ మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియం, దాని బయట మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్. చలి అంతా ఆ తీగ కోసమే, అయస్కాంతం కోసమే. నడిమధ్య సన్నని దారిలో నువ్వు దించే 5 మిల్లీమీటర్ల గాజు గొట్టం మాత్రం 25 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అందులో అర మిల్లీలీటరు పైచిలుకు డ్యుటీరియం క్లోరోఫాం, ఓ పది మిల్లీగ్రాముల మందు. 400 మెగాహెర్ట్జ్ యంత్రమైతే అయస్కాంత బలం 9.4 టెస్లా. మన కాళ్ళకింది భూమి అయస్కాంతం కంటే రెండు లక్షల రెట్లకు పైనే. ఆ బలానికి నీ శాంపిల్‌లోని ప్రతి హైడ్రోజన్ కేంద్రకం సెకనుకు 40 కోట్ల సార్లు తిరుగుతుంది.

లాక్ పెడతావు, షిమ్‌తో అయస్కాంత బలాన్ని అంతటా ఒకేలా సరిచేస్తావు, రేడియో పల్స్ కొడతావు. పల్స్ పడ్డ తర్వాత ఆ కేంద్రకం అయస్కాంతం వెంట ఉన్న స్థితిలోనూ కాదు, ఎదురుగా ఉన్న స్థితిలోనూ కాదు, రెండూ కలిసిన స్థితిలో ఉంటుంది. ఆ రెంటి మధ్య ఉండే పొందికకే ఫేజు అని పేరు. కోట్లానుకోట్ల కేంద్రకాల ఫేజు ఒక్కటిగా ఉన్నంతసేపు గొట్టం చుట్టూ ఉన్న చిన్న తీగచుట్టలో సిగ్నల్ పుడుతుంది. తెర మీద గీత ఎగిరిపడుతూ మొదలై, మెల్లమెల్లగా సన్నబడి, చదునైపోతుంది. ఎఫ్‌ఐడి అని మీరు పిలిచేది దాన్నే. కంప్యూటర్ దాన్ని పీకులుగా మార్చేస్తుంది, మీరు పీకులు చదివి రిపోర్టు రాస్తారు, గీత సంగతి ఎవరికీ పట్టదు. నేను మాత్రం ఆ సన్నబడటం దగ్గరే ఆగమంటాను. డీకోహెరెన్స్ అని పుస్తకాల్లో భయపెట్టేది అదే. పొందిక చెదిరిపోవడం. క్లోరోఫాంలో కరిగిన చిన్న అణువుకు అందుకు ఓ సెకనో, రెండు మూడు సెకన్లో పడుతుంది.

ఎందుకు చెదురుతుంది? ఏ వస్తువూ ఒంటరిగా ఉండదు కాబట్టి. పక్కన ద్రావకం ఉంది, పక్క అణువు ఉంది, ద్రావకంలో కరిగిన ఆక్సిజన్ ఉంది. అన్నిటికీ ఎంతో కొంత అయస్కాంత గుణం ఉంది. ముఖ్యంగా ఆక్సిజన్ చాలా పోరు పెడుతుంది. అందుకే ఈ కాలాలను జాగ్రత్తగా కొలవాల్సి వస్తే శాంపిల్‌లోకి నైట్రోజన్ గాని ఆర్గాన్ గాని పంపి ఆక్సిజన్‌ను తరిమేస్తారు. ఇలా చుట్టుపక్కల వాటితో సంబంధం తెంచుకోలేని వాటినే శాస్త్రంలో తెరిచి ఉన్న క్వాంటం వ్యవస్థలంటారు. 1970లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో డీటర్ ట్సే అనే ఆయన ఈ సంగతిని గట్టిగా పట్టుకున్నారు. పొందిక నాశనం కావడం లేదు, చుట్టుపక్కల వాటిలోకి జారిపోతోంది, అందుకే మనకు కనబడటం లేదు అన్నది ఆయన వాదన. మొదట్లో ఎవరూ పెద్దగా చెవిన పెట్టలేదు. 1980ల్లో వోయ్‌చెక్ జురెక్ మరింత స్పష్టంగా రాసిన తర్వాతే లోకం వింది.

జారిపోయినదైతే తిరిగి రావాలి కదా? వస్తుంది. 1949లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఎర్విన్ హాన్ ఒక పల్స్ కొట్టారు, సిగ్నల్ చదునైపోయింది. కొంత ఆగి ఇంకో పల్స్ కొట్టారు. ఆ తర్వాత, రెండు పల్సుల మధ్య ఎంత వ్యవధి ఉందో సరిగ్గా అంతే వ్యవధికి, ఎవరూ ఏ పల్సూ ఇవ్వకుండానే తెర మీద సిగ్నల్ మళ్ళీ లేచింది. యంత్రంలో ఏదో లోపమనే మొదట అనుకున్నారట. లోపం కాదు. ఆ సంగతిని ఆయన 1950లో ప్రచురించారు. స్పిన్ ఎకో అని దానికి పేరు వచ్చింది.

లోపల జరిగిందేమిటో చెప్తాను. గొట్టంలో పైనున్న అణువుకు అయస్కాంత బలం ఓ వెంట్రుకవాసి ఎక్కువ, కిందనున్న దానికి ఓ వెంట్రుకవాసి తక్కువ. షిమ్ ఎంత చేసినా ఈ తేడా పూర్తిగా పోదని నీకు తెలిసిందే. ఎక్కువ బలమున్నది ముందుకు పోతుంది, తక్కువున్నది వెనకబడుతుంది, మొత్తం మీద పొందిక పోయినట్టు కనిపిస్తుంది. రెండో పల్స్ ముందున్నదాన్ని వెనక్కి, వెనకున్నదాన్ని ముందుకు మారుస్తుంది. ఎవరి బలం వాళ్ళకు అలాగే ఉంది కాబట్టి, ఎంత తేడా వచ్చిందో అంతా తీరిపోయి ఒక క్షణాన అందరూ కలుస్తారు. "ఎవరి బలం వాళ్ళకు అలాగే ఉంది" అన్న మాటే ఇందులో కీలకం. చుట్టూ ఉన్న పరిస్థితి మారలేదు, మొదటి సగంలో ఉన్నట్టే రెండో సగంలోనూ ఉంది. ఈ నిలకడనే పరిసరాల జ్ఞాపకం అంటారు. జ్ఞాపకం ఉన్నచోట పోయినది తిరిగి రప్పించవచ్చు. ఈ లోగా అణువు గొట్టంలో అటూ ఇటూ కదిలిపోతే, పక్క అణువు కుదుపుతో బలం మారిపోతే, ఆ మేరకు ఎకో బలహీనపడుతుంది. మీ ల్యాబులో టీ2 స్టార్ అనేది రెండు నష్టాలూ కలిపిన లెక్క. టీ2 అనేది ఎకోతో కూడా తిరిగిరాని నష్టం లెక్క.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగానికి వస్తాను. గ్లాసెడు మంచినీళ్ళు తీసుకో. ఆక్సిజన్ లేకుండా చేస్తే అందులో హైడ్రోజన్ కేంద్రకాల పొందిక రెండు మూడు సెకన్లు నిలుస్తుంది. అదే నీళ్ళను గడ్డకట్టించు. ఇప్పుడు సెకనులో లక్షో వంతు చుట్టుపక్కలే మాయమైపోతుంది. అవే అణువులు, అవే కేంద్రకాలు, పైగా చలి ఇంకా ఎక్కువ. చలి పొందికను కాపాడుతుందన్న మాటే నిజమైతే ఇది తలకిందులుగా జరగాలి.

దీనికి సమాధానం చెప్పినవాళ్ళు హార్వర్డ్‌లో బ్లూంబెర్గెన్, పర్సెల్, పౌండ్. 1948లో వచ్చిన వాళ్ళ వ్యాసంలో గ్లిజరిన్ కొలతలు కూడా ఉన్నాయి. గ్లిజరిన్‌ను చల్లబరిస్తే చిక్కబడుతుంది, వేడి చేస్తే పలచబడుతుంది. ఆ చిక్కదనం మారే కొద్దీ సిగ్నల్ నిలిచే కాలం ఎలా మారుతుందో చూపించారు. నీళ్ళలో ఒక అణువు దొర్లడానికి సెకనులో లక్ష కోట్ల భాగాల్లో రెండు మూడు భాగాలు చాలు. పక్క కేంద్రకం చూపే చిన్న అయస్కాంత బలం ఒక క్షణం ఇటు, మరుక్షణం అటు, ఇంకో క్షణం ఇంకెటో ఉంటుంది. ఒకవైపు నెట్టేలోపే మరోవైపు నెట్టేస్తుంది. నెట్టుడంతా కలిసి దాదాపు సున్నా. మంచుగడ్డలో ఎక్కడి అణువు దాదాపు అక్కడే. పక్క కేంద్రకం బలం కొన్ని గాస్‌లే అయినా ఒకే దిక్కుకు, ఆగకుండా నెడుతుంది. ఫేజు చెదరడానికి లక్షో వంతు సెకను చాలు.

అంటే పరిసరాలు తొందరగా మరచిపోయేవైతే పొందిక నిదానంగా పోతుంది. కానీ అలా పోయింది ఇక రాదు. ఏ అణువు ఎప్పుడు ఎటు నెట్టిందో ఏ పల్సూ వెనక్కి తిప్పలేదు. పరిసరాలు బాగా గుర్తుంచుకునేవైతే పొందిక చప్పున పోతుంది. కానీ పోయింది రాబట్టవచ్చు. ఇది నేను వూరికే చెప్పడం లేదు. 1971లో ఎంఐటీలో రిమ్, పైన్స్, వా అనే ముగ్గురు కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికంలో ఈ పని చేసి చూపించారు. ఘనపదార్థంలో ఇరుగుపొరుగు కేంద్రకాలు కలిసి చెదరగొట్టిన పొందికను తగిన పల్సుల వరసతో వెనక్కి నడిపించారు. పూర్తిగా చచ్చిపోయిందనుకున్న సిగ్నల్ లేచి వచ్చింది. మామూలు హాన్ ఎకోకు లొంగనిది దానికి లొంగింది. పొందిక పోయిందా అని అడగడం కంటే ఎక్కడికి పోయింది, అక్కడ ఎంతసేపు ఉంటుంది అని అడగడం మేలని నేననేది అందుకే.

ఇంటి పోలిక ఒకటి చెప్తే ఈ ముడి ఇంకాస్త విడుతుంది. నిండిన చెరువు నడుమ రాయి వేస్తే అల గట్టు వైపు పోతూ పోతూ పలచబడిపోతుంది, రాయి పడ్డచోటికి మళ్ళీ రాదు. అదే రాయిని రాతి కట్టున్న చేదబావిలో వేస్తే అల గోడకు తగిలి వెనక్కి వస్తుంది, పడ్డచోట నీళ్ళు మళ్ళీ లేస్తాయి, మళ్ళీ పోతాయి. పరిసరాలు ఎంత విశాలం, వాటికి గోడలున్నాయా లేవా అన్నదాన్ని బట్టి, ఇచ్చిన శక్తీ సమాచారమూ తిరిగి వస్తాయా రావా అన్నది తేలుతుంది.

ఈ బావి లెక్కను కాంతితో వేసిన మనిషి మనకు దగ్గర్లోనే ఉండేవారు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి గిరీశ్ అగర్వాల్ 1977లో వచ్చారు. విశ్వవిద్యాలయం పుట్టి అప్పటికి మూడేళ్ళే. అక్కడి భౌతికశాస్త్ర విభాగాన్ని ఆయన నిలబెట్టారు, 1995 దాకా ఉన్నారు. అంతకుముందే, 1970ల మొదట్లో, పరిసరాలతో కలిసున్న క్వాంటం వ్యవస్థల మీద ఆయన చేసిన పని పేరు తెచ్చుకుంది. 1982లో భట్నాగర్ బహుమతి వచ్చింది. 1984లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో ఆయన ఒక్కరే రాసిన చిన్న వ్యాసం వచ్చింది. అద్దాల లాంటి గోడలున్న లోహపు పెట్టెలో ఒక పరమాణువును పెడితే ఏమవుతుంది అన్నది విషయం. బయట ఖాళీలో అయితే పరమాణువు వదిలిన కాంతికణం పోతే పోయినట్టే. పెట్టెలో అయితే గోడలు దాన్ని తిరిగి ఇస్తాయి, పరమాణువు తీసుకుంటుంది, మళ్ళీ వదులుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం వల్ల పరమాణువు కాంతిని పీల్చుకునే పీకు ఒకటిగా కాక రెండుగా చీలి కనిపించాలని ఆయన లెక్క. పెట్టెలో కాంతి ముందుగా ఏమీ లేకపోయినా చీలుతుంది. ఒక్కొక్క పరమాణువుతో ఆ చీలికను 1992లో అమెరికాలోని కాల్టెక్‌లో కళ్ళారా చూశారు.

పారిస్‌లో సెర్జ్ అరోష్ బృందం ఈ దారిలోనే ఇంకా ముందుకు పోయింది. నయోబియం పూత పూసిన రెండు అద్దాలు, మధ్య దూరం మూడు సెంటీమీటర్లకు కాస్త తక్కువ, చలి పరమశూన్యానికి ఒక డిగ్రీ లోపు. వాటి మధ్య కాంతికణం 0.13 సెకను నిలిచింది. ఆ కాసేపట్లో అది అద్దాల మధ్య తిరిగిన దూరం కలిపితే సుమారు 39,000 కిలోమీటర్లు, భూమిని దాదాపు ఒక చుట్టు చుట్టినంత. 1996లో ఆ బృందమే పొందిక మెల్లగా ఎలా చెదురుతుందో అడుగడుగునా కొలిచింది. 2012లో అరోష్‌కు, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ వైన్‌లాండ్‌కు కలిపి నోబెల్ ఇచ్చారు. ఇలాంటి పనికి లెక్కలు వేసిన గది మన ఊరి నుంచి కాసేపటి ప్రయాణమని ఇక్కడి బడిపిల్లలకు ఎవరైనా చెప్పాలని నాకు గట్టిగా ఉంది.

సమీకరణాల సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 1961లో కేరళకు చెందిన సుదర్శన్, మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూస్, జయసీతా రావ్ కలిసి, తెరిచి ఉన్న వ్యవస్థ స్థితి కాలంతో ఎలా మారవచ్చో గణితం రాశారు. 1976లో గొరీని, కొసకోవ్‌స్కీ, సుదర్శన్ ఒకవైపు, స్వీడన్‌లో లిండ్‌బ్లాడ్ ఇంకోవైపు, పరిసరాలకు జ్ఞాపకం అస్సలు లేనప్పటి సమీకరణం తేల్చారు. చాలా అందమైన సమీకరణం, వాడటం తేలిక. తేలిక కాబట్టే, జ్ఞాపకం ఉన్నచోట కూడా అలవాటుగా దాన్నే వాడేస్తుంటారు. అది నాకు నచ్చని సంగతి. ముందు కొలిచి చూడాలి. కొలిచే దారి 2009లో బ్రాయర్, లైనె, పీలో చూపించారు. ఒకే వ్యవస్థను రెండు వేర్వేరు స్థితుల్లో మొదలుపెట్టు. కాలం గడిచే కొద్దీ ఈ రెంటినీ విడదీసి గుర్తుపట్టడం కష్టమవుతూ పోతుంది, ఎందుకంటే తేడా చెప్పే సమాచారం బయటికి జారుతోంది. మధ్యలో ఎక్కడైనా గుర్తుపట్టడం మళ్ళీ తేలికైతే, జారిన సమాచారం వెనక్కి వచ్చిందన్నమాట. పరిసరాలకు జ్ఞాపకం ఉందనడానికి అదే గుర్తు. రెండేళ్ళకే, 2011లో, కాంతికణాలతో ఈ రాకపోకను కావాలన్నప్పుడు తెప్పించి, వద్దన్నప్పుడు ఆపి చూపించారు.

ఇప్పుడు అమరావతి మాటకు వద్దాం. 2025 మే నెలలో వచ్చిన ప్రకటన ప్రకారం అక్కడి క్వాంటం వ్యాలీలో పెట్టేది ఐబీఎం వాళ్ళ సిస్టం టూ, అందులో 156 క్యూబిట్ల, అంటే క్వాంటం బిట్ల, హెరాన్ చిప్పు. ఈ చిప్పులను పరమశూన్యానికి డిగ్రీలో వందో వంతు, రెండు వందో వంతుల ఎత్తులో ఉంచుతారు. అంత చలిలోనూ వాటి పొందిక నిలిచేది వందల మైక్రోసెకన్ల స్థాయిలోనే. గది వేడిలో ఉన్న నీ గొట్టం దానికంటే కొన్ని వేల రెట్లు ఎక్కువసేపు నిలుపుతోంది. అందుకే నీ ప్రశ్న నాకు అంత నచ్చింది.

మరి వాళ్ళకు చలి ఎందుకు? ఒకటి, ఆ చిప్పులోని లోహం అడ్డులేకుండా విద్యుత్తు పంపాలంటే చలి కావాలి. రెండోది అంతకంటే ముఖ్యం. లెక్క మొదలుపెట్టేటప్పుడు ప్రతి క్యూబిట్టూ కింది మెట్టు మీదే ఉండాలి. ఆ మెట్ల మధ్య తేడా డిగ్రీలో పావు వంతు వేడికి సమానం. చుట్టుపక్కల వేడి దానికంటే బాగా తక్కువ ఉంటేనే అందరూ కింద కుదురుగా ఉంటారు. నీ శాంపిల్ సంగతి చూడు. 400 మెగాహెర్ట్జ్ యంత్రంలో పది లక్షల కేంద్రకాల్లో, రెండు దిక్కుల మధ్య తేడా 32 మాత్రమే. మిగతావన్నీ ఒకదానికొకటి చెల్లు. పది మిల్లీగ్రాముల మందులో 2 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని అణువులుంటాయి కాబట్టి, ఆ 32 తోనే మీ పని చక్కగా జరిగిపోతుంది. కంప్యూటర్‌కు అది చాలదు. చాలదని పని చేసి చూసిన తర్వాతే తెలిసింది. 2001లో ఐబీఎం, స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఏడు కేంద్రక స్పిన్లున్న అణువును ఎన్‌ఎంఆర్ గొట్టంలో పెట్టి 15ను 3, 5గా విడగొట్టారు. క్వాంటం కంప్యూటర్ తొలి అడుగుల్లో ఒకటి మీలాంటి ల్యాబులోనే పడింది. స్పిన్లు పెంచుతూ పోతే సిగ్నల్ సన్నబడిపోతుంది కాబట్టి ఆ దారి అక్కడ ఆగింది.

కానీ ఆ దారిలో నేర్చుకున్న విద్య ఆగలేదు. చిప్పు మీది ఆక్సైడ్ పొరల్లో సూక్ష్మమైన లోపాలుంటాయి. అవి నిదానంగా మారుతూ క్యూబిట్‌ను సతాయిస్తాయి. నిదానం అంటే జ్ఞాపకం ఉందనే కదా. కాబట్టి ఎకో పనిచేస్తుంది. ఒక్క పల్స్ కాక వరసగా పల్సులు కొడుతూ పోయే పద్ధతిని 1954లో కార్, పర్సెల్ కనిపెట్టారు, 1958లో మైబూమ్, గిల్ సరిదిద్దారు. మీరు సీపీఎంజీ అని పిలిచే వరస ఆ నలుగురి పేర్ల మొదటి అక్షరాలదే. 1998లో లొరెంజా వియోలా, సేత్ లాయిడ్ ఆ ఆలోచననే క్వాంటం కంప్యూటర్లకు మలిచి చూపారు. ఇవాళ క్యూబిట్ చిప్పుల మీద పొందికను నిలిపే ఉపాయాల్లో అదొకటి. సంగారెడ్డి రోడ్డున టెక్నీషియన్లు మందుల శాంపిళ్ళ మీద కొట్టే పల్సులే అక్కడా మోగుతాయి.

నీకు వీలైతే ఒక పని చెయ్యి. మీ సీనియర్‌ను అడిగి, యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు ఒక గొట్టంలో గ్లిజరిన్ పెట్టు. 25 డిగ్రీల దగ్గర ప్రోటాన్ స్పెక్ట్రం తీసుకో. తర్వాత ప్రోబ్‌ను 60 డిగ్రీలకు వేడి చేసి, కాసేపు కుదురుకోనిచ్చి, మళ్ళీ షిమ్ చేసి ఇంకోటి తీసుకో. వేడి చేసినప్పుడు పీకు వెడల్పు కావాలని చాలామంది అనుకుంటారు. సన్నబడటం నువ్వే చూస్తావు. పీకు సగం ఎత్తు దగ్గర వెడల్పు ఎన్ని హెర్ట్జ్‌లుందో చూసి, దాన్ని 3.14తో గుణించి, ఒకటిని ఆ వచ్చినదానితో భాగిస్తే పొందిక నిలిచిన కాలం సెకన్లలో వస్తుంది. అందులో షిమ్ తప్పెంతో, గ్లిజరిన్ సొంత నష్టమెంతో విడదీయాలంటే రెండు వేడిమిల దగ్గరా సీపీఎంజీ కూడా నడిపించు. నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకొని రా. మరచిపోయింది ఎంత, గుర్తున్నది ఎంత అన్న లెక్క ఇద్దరం కలిసి వేద్దాం.